యంత్రాలు మారినా నిలిచే ఇంజను

రైలుకు ఇంజను ఉన్నట్లే వీడియో గేముకూ ఒక ఇంజను ఉంటుంది. అది ఇనుముతో చేసినది కాదు. కంప్యూటరుకు ఇచ్చే ఆదేశాల సముదాయం. తెరమీద దృశ్యాన్ని గీయడం, రెండు వస్తువులు ఢీకొంటే ఏమి జరగవలెనో లెక్కకట్టడం, ధ్వనిని వినిపించడం దాని పనులు. నాటక సమాజంవారు అవే తెరలతో, అవే దీపాలతో అనేక నాటకాలు ఆడినట్లు, ఒకే ఇంజనుతో అనేక ఆటలు తయారుచేయవచ్చు.

అయితే ఆటలాడే యంత్రం, అనగా కన్సోల్, సుమారు ఆరేడేళ్ళకొకసారి మారిపోతుంది. మరి ఇంజను నిలిచేది ఎట్లా? అందుకే దానిని రెండు అంతస్తులుగా కడతారు. పై అంతస్తులో ఆట నియమాలుంటాయి. కింది అంతస్తు యంత్రంతో నేరుగా వ్యవహరిస్తుంది. యంత్రం మారినప్పుడు ముఖ్యంగా కింది అంతస్తునే తిరగరాస్తారు.

2000లో సోనీ సంస్థ విడుదల చేసిన ప్లేస్టేషన్ 2 నిర్మాణం చాలా జటిలం. దాని ప్రధాన మెమరీ 32 మెగాబైట్లే. ఇంగ్లండులోని క్రైటీరియన్ సంస్థవారి రెండర్‌వేర్ ఇంజను ఆ జటిలత్వాన్ని తానే భరించి, ఆటల నిర్మాతలకు దారి సుగమం చేసింది. రాక్‌స్టార్ సంస్థ 2001లో వెలువరించిన 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో 3' దానిపైనే నడిచింది. నగరమంతా అంత చిన్న మెమరీలో పట్టదు. కనుక ఆటగాడు సమీపించే వీధులను డిస్కు నుండి తెచ్చి, దాటిపోయిన వీధులను తొలగించే పద్ధతి అవలంబించారు.

2004లో క్రైటీరియన్‌ను ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ కొన్నది. రాక్‌స్టార్ ఆటలకు పునాదియైన సాధనం ఆ విధంగా పోటీదారు చేతికి చిక్కింది. ఆ మీదట రాక్‌స్టార్ సొంత ఇంజనునే నమ్ముకొన్నది. 'రేజ్' అనే ఆ ఇంజను 2006లో ఒక టేబుల్ టెన్నిస్ ఆటలో మొదట కనిపించింది.

దానిపైనే నిర్మించిన 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5' మూడు తరాల యంత్రాలను చూచింది. 2013లో వచ్చినప్పుడు ప్లేస్టేషన్ 3లో ఉన్న మెమరీ మొత్తం 512 మెగాబైట్లు. 2014లో అదే ఆట 8 గిగాబైట్ల ప్లేస్టేషన్ 4కు, 2022లో 16 గిగాబైట్ల ప్లేస్టేషన్ 5కు చేరింది. నగరం అదే, కాని వీధుల్లో వాహనాలు పెరిగాయి, పచ్చిక దట్టమైంది, చూపు మరింత దూరం సాగింది.

యంత్రం పాతబడక తప్పదు. దానితోపాటు పాతబడేదేదో, నిలిచేదేదో ముందే వేరుచేసి, నిలిచేదానిని తన అధీనంలో ఉంచుకొన్న నిర్మాత ప్రతి తరంలోనూ మొదటినుండి ఆరంభించనక్కరలేదు.