కంపైలర్ హెచ్చరికల నిర్వహణ

సి భాషలో కోడ్ నియమాల ప్రకారమే ఉన్నా, రాసినవారి ఉద్దేశం వేరేమోనని కంపైలర్‌కు అనుమానం వస్తే హెచ్చరిక ఇస్తుంది. ఎర్రర్ వస్తే కంపైలేషన్ విఫలమవుతుంది, హెచ్చరికతో మాత్రం సాగిపోతుంది. ఏ అనుమానాలు చూపాలో, ఏవి వదిలేయాలో బిల్డ్ ఫైళ్లలోని ఫ్లాగ్‌లు నిర్ణయిస్తాయి. కెర్నళ్లలో, డ్రైవర్లలో ఒక పొరపాటు మొత్తం యంత్రాన్నే నిలిపేయగలదు కాబట్టి అక్కడ వీటి విలువ ఎక్కువ. 2014 ఫిబ్రవరిలో బయటపడ్డ యాపిల్ భద్రతా లోపానికి కారణం పొరపాటున రెండుసార్లు పడిన ఒకే ఒక్క ‘గోటూ’ వరుస; ఇండెంటేషన్ వల్ల అది షరతు లోపలిదిలా కనిపించినా నిజానికి బయట ఉంది. అలాంటి తప్పుదారి పట్టించే ఇండెంటేషన్‌ను పట్టే హెచ్చరిక 2016లో జీసీసీ కంపైలర్ 6వ వెర్షన్‌తో వచ్చింది.

కొత్త ఫ్లాగ్‌ను చేర్చడం ఒక్క వరుస పని. పాత కోడ్‌ను దానికి సిద్ధం చేయడమే అసలు శ్రమ. స్విచ్‌లో బ్రేక్ లేకుండా ఒక కేస్ నుంచి తర్వాతి దానిలోకి జారిపోవడాన్ని పట్టే హెచ్చరిక 2017లో జీసీసీ 7లో వచ్చింది. లినక్స్ కెర్నల్ దాన్ని అన్ని ఫైళ్లకూ వర్తింపజేసింది 2019లో, 5.3 వెర్షన్‌లో. ఈలోగా కెర్నల్ డెవలపర్ గుస్తావో సిల్వా తదితరులు ఒక్కో కేస్‌నూ చదివి, కావాలని వదిలినదానికి గుర్తు పెట్టి, మరిచిపోయినచోట బ్రేక్ చేర్చారు. ఆ వెతుకులాటలో నిజమైన బగ్‌లూ దొరికాయి. శుభ్రం చేయకముందే ఫ్లాగ్ పెట్టి ఉంటే వేల వరుసల రొదలో అవి కనబడేవి కావు.

రొదే ఎక్కువైతే తీసేయడమూ నిర్వహణే. విలువ ఇవ్వని వేరియబుల్‌ను వాడుతున్నారేమోనన్న హెచ్చరిక తరచూ తప్పుగా వస్తోందని 2020లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కెర్నల్ మామూలు బిల్డ్‌లలో ఆపేశారు.

హెచ్చరికలన్నింటినీ ఎర్రర్లుగా మార్చే ‘డబ్ల్యూ-ఎర్రర్’పై వివాదం ఇప్పటికీ ఉంది. 2021 సెప్టెంబరులో టోర్వాల్డ్స్ దాన్ని కెర్నల్ బిల్డ్‌లన్నింటికీ డిఫాల్ట్ చేశారు. రకరకాల ఆర్కిటెక్చర్లలో, కంపైలర్లలో బిల్డ్‌లు విఫలమవడంతో, కొద్ది రోజుల్లోనే పరీక్షా బిల్డ్‌లకు మాత్రమే డిఫాల్ట్‌గా ఉంచారు. సొంత పరీక్షా యంత్రాలపై ఆ ఫ్లాగ్ మేలైనదే. సోర్స్‌తోపాటు పంపిణీ చేస్తే మాత్రం రేపటి కంపైలర్ నేర్చుకునే కొత్త అనుమానం ఎక్కడో ఎవరి బిల్డ్‌నో ఆపేస్తుంది.

హెచ్చరికను అణచక తప్పనప్పుడు మొత్తం ప్రాజెక్టుకు కాక ఆ ఒక్క ఫైలుకో, ప్రాగ్మాతో (కోడ్‌లోనే కంపైలర్‌కు ఇచ్చే సూచనతో) ఆ కొద్ది వరుసలకో పరిమితం చేయడం, పక్కన కారణం రాయడం మంచి పద్ధతి. జీసీసీలో ఒక చిక్కుంది: హెచ్చరికను ఆపే ఫ్లాగ్ పేరు తనకు తెలియకపోయినా, వేరే ఫిర్యాదేదీ లేకపోతే అది ఆ సంగతి చెప్పదు. అందుకే ఫ్లాగ్ పేరులోని అక్షరదోషం ఏళ్లతరబడి బిల్డ్ ఫైల్లో ఉండిపోగలదు.