తార్నాక కొవ్వుసంచులు

సికిందరాబాదునకు చేరువనున్న తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, 1944లో హైదరాబాదు సంస్థానపు ప్రయోగశాలగా జనించి, 1956లో ప్రాంతీయ పరిశోధనాలయమై, 1989లో నేటి నామము దాల్చినది. నూనెలు, కొవ్వులు ఇచ్చటి పాత విద్య. భారతీయాహార చరిత్రకారుడుగా ప్రఖ్యాతి గాంచిన కె. టి. అచయ ఇచ్చట తైలరసాయనజ్ఞుడుగా పనిచేసెనని చాలమంది యెరుగరు.

ఇంగ్లండులో అలెక్ బాంగ్‌హామ్, లెసిథిన్ వంటి కొవ్వులు నీట తమంతట తామే పొరలుపొరలుగా సంచులై ముడుచుకొనునని 1964లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూపిన పిమ్మట, కణపు పొరను గాజుకుప్పెలో అనుకరించు మార్గ మేర్పడెను. లిపిడ్లనబడు ఆ కొవ్వులను క్లోరోఫారమున కరగించి, గుండ్రని కుప్పెలో ద్రావకము నావిరి చేసి, లోగోడ నంటిన పలుచని పొరను, ఆ లిపిడ్లు మెత్తబడు ఉష్ణోగ్రతకు మించిన వేడిగల నీటితో కదిపి, అట్లేర్పడిన చిన్నపెద్ద సంచులను 100 నానోమీటర్ల రంధ్రములగుండ పలుమారు త్రోసినచో, ఇంచుమించు సమానమైన సంచులు లభించును. తార్నాకలో అరబింద చౌధురి బృందము, ధనావేశముగల లిపిడ్లను సంశ్లేషించి, ఋణావేశముగల డి.ఎన్.ఎ.ను అట్టి సంచులతో జతపరచి కణములలోనికి పంపు కృషి సాగించెను. ఈ ప్రాంతపు నూనెవిద్యకు ఇంతకన్న విలక్షణమైన ఫలమును నే నెరుగను.

అయినను సుమారు 5 నానోమీటర్ల మందముగల లిపిడ్ పొర సులువుగ చిరుగును. 1999లో అమెరికాలో పాలిమర్లతో చేసిన సంచుల పొర 8 నానోమీటర్ల మందముతో మిగుల గట్టిదయ్యెను గాని, నీటిని అంత సులభముగ పోనీయదాయెను. రెండింటిని కలిపి ఉభయగుణములు సాధింపవలెనని తదుపరి యత్నము. పొరల మందములు భేదించుటచే లిపిడ్లు, పాలిమర్లు ఒక్కొక్కప్పుడు ఒకే సంచిలో వేరువేరు ద్వీపములుగ విడిపోవుచు, పాళ్ళను బట్టియు ఉష్ణోగ్రతను బట్టియు ఫలితము మారుచుండును.