మీజాను కుదిరిందా?

మా నిజామాబాదు వైపు పాతకాలపు గుమాస్తాలు కూడిన మొత్తాన్ని 'మీజాను' అనేవారు. "మీజాను కుదిరిందా?" అంటే లెక్క సరిపోయిందా అని. ఉర్దూలో ఆ మాటకు త్రాసు అనీ అర్థం ఉంది. 1940లలో ఆ పేరుతోనే హైదరాబాదులో ఒక దినపత్రిక ఉండేది. దాని తెలుగు పత్రికకు అడవి బాపిరాజు గారు సంపాదకులు. ఆయన తూచిన సరుకు వేరనుకోండి!

మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీళ్ళతో బోధన్ చుట్టూ చెరకు పెరిగింది. చెరకు వెనకాలే 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ, దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిశాయి. ఇక కాటాలూ, చీటీలూ, చిట్టాలూ. చెరకు రైతుకు రెండు కోతలుంటాయి. మొదటిది పొలంలో, రెండోది బిల్లులో. అప్పు, ఎరువుల బాకీ పోగా అడుగున మిగిలే అంకె మీదే ఆ యేటి పెళ్ళిళ్ళు, పండగలు.

ఆ అంకె తేల్చడం మాటలు కాదు. పన్నెండు పైలు ఒక అణా, పదహారు అణాలు ఒక రూపాయి. 12-9-7, 8-14-10, 5-11-8 కూడి చూడండి. పైలు 25, అంటే రెండణాల ఒక పై. అణాలు ఆ రెండుతో కలిసి 36, అంటే రెండు రూపాయల నాలుగణాలు. వెరసి 27-4-1. మూడు పద్దులకే ఇంత తతంగం! నాలుగు వేళ్ళ కణుపులు పన్నెండే కాబట్టి అణా దాకా చెయ్యి సాయం చేసేది, ఆపైన బుర్రే దిక్కు. ఇది చాలనట్టు నిజాం హాలీ సిక్కా వేరు, కల్దారు రూపాయి వేరు. 1950లో 6 కల్దార్లకు 7 హాలీలు. అంటే వంద కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైలన్న మాట. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలొచ్చాక గానీ ఈ బాధ వదలడం మొదలవలేదు.

వదలని చిక్కు ఇంకోటుంది. ఊరి బండ్లన్నీ కూడితే ఊరి మొత్తం, ఊళ్ళన్నీ కూడితే పెద్ద మొత్తం. ఊరి మొత్తాన్ని కూడా బండ్ల వరసలోనే రాసి కిందిదాకా కూడితే ప్రతి బండీ రెండుసార్లు లెక్కకెక్కుతుంది. ఒకసారి పిండిన చెరకు మళ్ళీ రసమివ్వదు గానీ, కాగితం మీద ఇస్తుంది! అందుకే లెక్కలు రాసేవాళ్ళు విడి పద్దులు లోపలి వరసలో, ఉపమొత్తాలు బయటి వరసలో వేసి, చివరికి బయటిదే కూడేవారు.

1979లో విసికాల్క్ వచ్చి కూడిక యంత్రానికి అప్పగించింది. ఇప్పటి ఎక్సెల్‌లో 'సమ్' వేస్తే దారిలో ఉన్న ఉపమొత్తాలనూ మింగేస్తుంది. 'సబ్‌టోటల్' వేస్తే తనలాంటి సబ్‌టోటళ్ళను దాటుకుని పోతుంది. లోపలి వరస, బయటి వరస తెలివే ఇది. కానీ ఉపమొత్తాన్ని చేత్తో టైపు చేశారా, అదీ పద్దే అనుకుని కలిపేస్తుంది. ఫిల్టరు పెట్టి ఒక ఊరిని దాచారా, ఆ ఊరి చెరకు అసలు లేనట్టే మొత్తం చూపిస్తుంది. చూసేవాడికి అనుమానం కూడా రాదు.

బోధన్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి వెళ్ళి, 2015 డిసెంబరులో మూతపడింది. పాత పద్ధతి మాత్రం నాకిప్పటికీ నచ్చుతుంది: పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి కూడడం, ఆపైన ఒకరు చీటీ చదువుతుంటే మరొకరు పద్దుకు టిక్కు పెట్టడం.