చీటీ ఫోటో నుండి పెళ్ళి ఫోటో దాకా: తేలికపడిన కెమెరా కథ

సంఘ సంచికలో చరిత్ర వ్యాసమంటే, మన పెద్దలు ఎక్కివచ్చిన ఓడలను గురించో, వారు నిలిపిన రామ మందిరాలను గురించో వ్రాస్తారని పాఠకులు అనుకొంటారు. మేము వ్రాయబోయేది కూడా చరిత్రే. కాని అది మీ ఇంటి గోడమీద, బీరువా అడుగున, పాత బిస్కట్ల డబ్బాలో ఉన్న చరిత్ర. మారిషస్‌లో మన తెలుగువారి పెళ్ళిళ్ళకు ఫోటోలు తీయడమే మా కుటుంబ వృత్తి. నాన్నగారు మొదలుపెట్టినారు, మేము సాగించినాము, ఇప్పుడు మా అమ్మాయి చేతికి వచ్చినది. ఈ మూడు తరాలలో మా భుజాన వ్రేలాడిన బరువు ఎట్లా తగ్గినదో, దానితో మన పెళ్ళి ఫోటో ఎట్లా మారినదో చెప్పాలని ఈ నాలుగు మాటలు.

మనము అడగని మొదటి ఫోటో

మన ముత్తాతల ముఖాలను కెమెరా మొదట చూచినది పెళ్ళిపందిట్లో కాదు. చెరకు తోటలలో ఒప్పందం ముగించుకొన్న పాత వలసదారులు ఫోటో అతికించిన చీటీని ఎల్లప్పుడూ వెంట ఉంచుకోవాలని 1867 నాటి శ్రామిక చట్టము నిర్బంధించినది. చీటీ చూపలేని మనిషిని దారిలో పోలీసులు పట్టుకొనవచ్చును. తిరుగుబోతు అని శిక్ష వేయవచ్చును. ఈ బాధలను చెప్పుకొంటూ 1871లో 9,401 మంది పాత వలసదారులు మహజరు సమర్పించినారు. దానిని వ్రాయించి, వారి పక్షాన నిలిచినవాడు అడాల్ఫ్ ద ప్లెవిట్జ్. ఆ తరువాతనే 1872లో రాజ విచారణ సంఘము వచ్చి, 1875లో తన నివేదికను ఇచ్చినది.

ఆనాటి ఫోటోలు అనేకం మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో, భారతీయ వలస పత్రాలతో పాటు భద్రంగా ఉన్నవి. చూచినవారికి ఆ కళ్ళు మరపునకు రావు. నవ్వు లేదు, ప్రక్కన అయినవారు లేరు. మనిషి ఎవరో చెప్పేది అతని వలస సంఖ్య. ఆ ఫోటో అతని కోసం తీసినది కాదు, అతనిని గుర్తుపట్టే అధికారి కోసం తీసినది.

అందుచేత మన కుటుంబాలలో పెళ్ళి ఫోటోకు ఒక ప్రత్యేక స్థానము ఉన్నదని మేము నమ్ముతాము. మనవాళ్ళు తాము కోరి, తమ డబ్బు పెట్టి, పట్టుచీర కట్టి, పూలదండ వేసుకొని, తమవారి నడుమ నిలబడి తీయించుకొన్న ఫోటో అది. సంఖ్య ఉండవలసిన చోట పేరు వచ్చినది.

మనిషిని కట్టివేసిన పెట్టె

అయితే కోరి తీయించుకొన్నా, తొలినాళ్ళ ఫోటోలలోనూ మనవాళ్ళు బిగుసుకొనే కనిపిస్తారు. దానికి సిగ్గు ఒక్కటే కారణము కాదు. కెమెరా బరువు, దాని మందగతి కూడా కారణములు. 1851లో వచ్చిన తడి పలకల పద్ధతిలో గాజు పలకకు మందు పూసి, అది ఆరకముందే ఫోటో తీసి, ఆరకముందే కడగాలి. అంటే ఫోటోగ్రాఫరు ఎక్కడికి పోయినా చీకటిగది కూడా వెంట పోవలసినదే. 1870ల చివర పొడి పలకలు అంగళ్ళకు వచ్చి ఆ బాధ తగ్గినది. అయినా కొయ్యపెట్టె, మూడుకాళ్ళ స్టాండు, గాజు పలకల సంచి, నల్లగుడ్డ తప్పలేదు. లోపల వెలుతురు చాలక పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు స్టూడియోకు పోవాలి, లేదా ఎండలో కుర్చీలు వేసుకొని కూర్చోవాలి. కదలితే ముఖము చెరిగిపోతుంది. కెమెరా కదలలేదు గనుక మనుషులు కదలకుండా ఉండవలసి వచ్చినది.

జీలకర్ర బెల్లము, మంగళసూత్ర ధారణ, తలంబ్రాలు ఇవన్నీ కదలికతో కూడిన ఘట్టాలు. ఆ పెట్టెకు అవి అందవు. తంతు అంతా ముగిసిన తరువాత ఒక్క ఫోటో, అంతే.

ఆయాసపడిన ఒక పనివాని ఆలోచన

ఈ బరువును దించినవారిలో ముందు చెప్పవలసిన పేరు ఆస్కార్ బార్నాక్. జర్మనీలోని వెట్జ్‌లార్ పట్టణములో లైట్జ్ కంపెనీలో పనిచేసిన యంత్రనిపుణుడు. ఆయనకు ఉబ్బసము. పలకల కెమెరాను మోసుకొని కొండదారుల నడవడం ఆయన వల్ల కాలేదు. సినిమాలకు వాడే సన్నని ఫిలింను చిన్న పెట్టెలో అమర్చి, 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు గల చిన్న నెగెటివు తీసి, దానిని తరువాత పెద్దదిగా అచ్చు వేసుకొంటే సరిపోతుందని ఆలోచించినాడు. 1914 నాటికే నమూనా తయారైనది. యుద్ధము అడ్డురాగా 1925లో లైకా అనే పేరుతో అమ్మకానికి వచ్చినది. ఊపిరి ఆడని ఒక పనివాడు తన బరువు తగ్గించుకోబోయి, ప్రపంచములోని ఫోటోగ్రాఫర్ల బరువునంతా తగ్గించినాడు.

పెళ్ళి ఫోటోగ్రాఫర్లు మాత్రము వెంటనే అటు పోలేదు. 1929లో వచ్చిన రోలీఫ్లెక్స్ వంటి రెండు లెన్సుల కెమెరాలను చాలాకాలము నమ్ముకొన్నారు. అందులో చదరపు నెగెటివు ప్రక్కకు 56 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే చిన్న ఫిలిం నెగెటివు కన్న మూడున్నర రెట్లకు పైగా పెద్దది. గోడకు తగిలించే పెద్ద ఫోటో వేసినా జరీ అంచు గీతలు స్పష్టముగా వచ్చేవి. నాన్నగారిది అటువంటి కెమెరాయే. దానిని పొట్ట దగ్గర పట్టుకొని, తల వంచి పైనుండి చూడాలి. తాను ప్రతి జంటకూ నమస్కారము చేసి గాని ఫోటో తీయనని ఆయన నవ్వుతూ చెప్పేవారు. కెమెరా ఒక కిలో పైచిలుకు. ఫ్లాష్ దీపానికి భుజాన వేసుకొనే బ్యాటరీ పెట్టె దానికన్న బరువు.

పన్నెండు ఫోటోలు, ఒక అమ్మమ్మ

ఆ కెమెరాలో ఒక రీలుకు పన్నెండు ఫోటోలే. పన్నెండూ అయిపోతే వెనుక తలుపు తెరచి, పాత రీలు తీసి, కొత్త రీలు కాగితము కొస దూర్చి, బాణపు గుర్తు వచ్చేవరకు త్రిప్పి, మూత వేసి, మళ్ళీ మొదటి అంకె వరకు త్రిప్పాలి. చేయి తిరిగినవారికే నిమిషము పట్టే పని. పురోహితులవారు మంత్రము ఆపరు గదా!

1978లో తూర్పు ప్రాంతపు ఒక ఊరిలో పెళ్ళి. ఇంటి ముందు లసల్‌వెర్ వేసినారు. అరటి ఆకులలో సెత్ కారి వడ్డనకు సిద్ధమగుచున్నది. సరిగ్గా మంగళసూత్రము కట్టగానే మా రీలు అయిపోయినది. మేము వంగి రీలు మార్చుచుండగా, పెళ్ళికూతురి అమ్మమ్మగారు ఇద్దరి ఆసరాతో లేచివచ్చి, వణకుచున్న చేతితో మనవరాలి తలపై అక్షింతలు వేసి, బుగ్గ నిమిరి, వెళ్ళి కూర్చున్నారు. మేము తల ఎత్తేసరికి అంతా అయిపోయినది. తరువాత తీద్దాములే అనుకొన్నాము. జనములో, హడావిడిలో ఆ తరువాత రాలేదు. మరుసటి ఉగాది నాటికి ఆమె లేరు. ఆల్బము తీసుకొనడానికి వచ్చిన ఆ అమ్మాయి పుటలన్నీ త్రిప్పి, “అన్నయ్యా, మా అమ్మమ్మ ఫోటో ఒక్కటైనా లేదా?” అని అడిగినది. లేదు. ఏమని చెప్పగలము? ఆ ఊరివాళ్ళ పాత పటాలు 1960 నాటి ఆలిక్స్, కారోల్ తుపానులలో ఇంటి కప్పులతో పాటు పోయినవి. మా ఫోటో ఒక్కటే మిగిలేది.

ఆ మరుసటి సంవత్సరమే మేము చేతిలో ఇమిడే చిన్న ఫిలిం కెమెరా కొన్నాము.

బరువు ఉంటేనే ఫోటోగ్రాఫరా?

ఆ కాలానికి చిన్న కెమెరాలు కూడా ఇనుప ముద్దలవలె బరువెక్కినవి. జపానులో ఒలింపస్ కంపెనీ ఇంజనీరు యోషిహిసా మైతానీ దానికి ఎదురు నడచినాడు. 1972లో ఆయన తెచ్చిన ఓఎం-1 కెమెరా లెన్సు లేకుండా సుమారు 510 గ్రాములు. లోపలి అద్దము పైకి లేచేటప్పుడు దెబ్బ తగలకుండా గాలి కుదుపు అమర్చినందున శబ్దము కూడా తక్కువ. మంత్రాల మధ్య టక్కుమనే చప్పుడుకు పెద్దలు వెనుదిరిగి చూడడము తగ్గినది. రీలుకు ముప్పైఆరు ఫోటోలు.

అయితే పెళ్ళివారు ఒప్పుకోలేదు! “నాన్నగారి పెద్ద కెమెరా ఏదయ్యా? ఈ బొమ్మ కెమెరాతోనా మా పెళ్ళి తీసేది?” అని ఒక పెద్దాయన అందరిలో అడిగినారు. బరువైన సామాను ఉంటే గాని మంచి ఫోటోగ్రాఫరు కాడని మనవారి నమ్మకము. వారి మాటలో కొంత న్యాయము కూడా లేకపోలేదు. పెద్ద ఫోటో వేసినప్పుడు చిన్న నెగెటివు తేలిపోతుంది, రేణువులు కనిపిస్తాయి. అందుచేత మేము ఒక రాజీ కుదుర్చుకొన్నాము. బంధువులందరినీ వరుసగా నిలబెట్టి తీసే ఫోటోకు నాన్నగారి కెమెరా స్టాండు మీద. తంతు జరుగుచున్నంతసేపు చిన్న కెమెరా చేతిలో. మూడేళ్ళలో పెళ్ళివారే చిన్న కెమెరా ఫోటోలను ముందు అడగసాగినారు. అందులో ఏడ్చే తల్లి ఉన్నది, నవ్వు ఆపుకోలేని మేనమామ ఉన్నాడు, తలంబ్రాలలో గెలిచిన పెళ్ళికూతురు ఉన్నది.

అద్దము పోయిన కెమెరా

డిజిటల్ కాలము వచ్చి రీలు మార్చే బాధ తీరినది గాని, బరువు మళ్ళీ తిరిగివచ్చినది. రెండు పెద్ద కెమెరాలు, కిలోన్నర దూరపు లెన్సు, ఫ్లాష్‌లు, బ్యాటరీలు అన్నీ కలిపి మా అమ్మాయి భుజాన ఏడెనిమిది కిలోలు. ఉదయము నుండి రాత్రి వరకు పెళ్ళి. ముప్పై యేళ్ళకే మెడనొప్పి పట్టుకొన్నది.

2008లో పానసోనిక్ కంపెనీ లోపలి అద్దము తీసివేసిన కెమెరాను తెచ్చినది. 2013లో సోనీ కంపెనీ ఏ7 అనే కెమెరాను బ్యాటరీతో సహా 474 గ్రాములకు దించినది. దాని లోపలి పలక కొలత బార్నాక్ ఎంచుకొన్న 24, 36 మిల్లీమీటర్లే కావడము చూచి మేము ఆశ్చర్యపడినాము. నూరేళ్ళు తిరిగి అక్కడికే వచ్చినామన్నమాట.

ఈ వృత్తిలోకి రాదలచిన మన పిల్లలకు మా అనుభవము చెబుతాము. కెమెరా తేలికైనంత మాత్రాన సంచి తేలిక కాదు. బరువంతా లెన్సులలో ఉన్నది. మా అమ్మాయి దూరపు పెద్ద లెన్సు మాని, 35, 85 మిల్లీమీటర్ల చిన్న లెన్సులు రెండు పెట్టుకొన్నది. దూరము నుండి లాగలేదు గనుక మనుషుల దగ్గరకు నడవవలసి వచ్చినది. దగ్గరకు పోయినకొద్దీ ఫోటోలు బాగుపడినవి. ఇక తేలిక కోసము వదులుకోరానివి రెండు. కార్డు చెడితే పెళ్ళి మళ్ళీ జరగదు గనుక ఒకేసారి రెండు కార్డులపై వ్రాసే కెమెరాయే కావాలి. తొలి ఏ7లో ఒక్క కార్డుకే చోటు ఉండేది. బ్యాటరీలు త్వరగా తరుగుతాయి గనుక అదనముగా ఉండాలి. చప్పుడు లేకుండా తీసే పద్ధతి మంత్రాల వేళ వరమే గాని, కొన్ని ఎల్ఈడీ దీపాల క్రింద ఫోటోపై చారలు పడతాయి. పెళ్ళికి ముందే ఆ హాలుకు పోయి పరీక్షించుకోవాలి.

తేలికైనది, బరువైనది

ఒకప్పుడు పెళ్ళికి ఒక్క ఫోటో, తరువాత పన్నెండు, నేడు మూడు వేలు. కాని మూడు వేలలో ఒకటి కూడా కాగితముపై లేని ఇళ్ళు ఎన్నో చూస్తున్నాము. ఫోను పోతే పెళ్ళి పోయినట్లే. తుపాను అక్కరలేదు. కెమెరా బరువు తగ్గినకొద్దీ జాగ్రత్త బరువు మన మీద పెరిగినదని గ్రహించాలి.

అందుచేత ఈ పండుగ సందర్భమున మా మనవి ఒక్కటే. ఇంటికి పోయి పాత ఫోటోలు బయటకు తీయండి. ఇంట్లో పెద్దవారిని ప్రక్కన కూర్చోబెట్టుకొని, ఎవరు ఎవరో అడిగి, ఫోటో వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, వరుస, ఊరు, సంవత్సరము వ్రాయండి. తెలుగులో వ్రాయగలిగితే మరీ మంచిది. కొత్త పెళ్ళి ఫోటోలలో కనీసము పది అచ్చు వేయించండి. ఆ పదింటిలో అమ్మమ్మ, నానమ్మ తప్పక ఉండేటట్లు చూడండి.

మన ముత్తాతలలో ఎందరికో చీటీ మీద సంఖ్య ఉన్నది గాని, ఆ ముఖము ఎవరిదో చెప్పేవారు నేడు ఇంట్లో లేరు. మన మనవలకు అట్లా జరగకూడదు.