తంతు కాంపోజిట్‌ల కోత, సానపట్టడం: లోహజ్ఞానపు పరిమితుల చరిత్ర

ఉపోద్ఘాతం:

గాజు, కార్బన్, అరామిడ్ వంటి తంతువులను రెజిన్‌తో బంధించి తయారుచేసే పదార్థాలను కాంపోజిట్‌లు అంటారు. వీటి చరిత్రను తంతువుల ఆవిష్కరణ చరిత్రగా చెప్పడం పరిపాటి. అయితే అచ్చులోనుండి వెలువడిన భాగం అంచులు కోసి, రంధ్రాలు వేసి, సానపట్టిన తరువాతనే వినియోగానికి వస్తుంది. ఈ పని తయారీలో దాదాపు చివరి దశ. అప్పటికే శ్రమ, వ్యయం చాలావరకు అందులో చేరి ఉంటాయి కనుక, చెడిన ఒక్క రంధ్రం మొత్తం భాగాన్నే నిరుపయోగం చేయగలదు. లోహాల కోసం ఏర్పడిన కోత సిద్ధాంతం ఈ పదార్థాల దగ్గర ఎందుకు ఆగిపోయింది, దాని స్థానంలో ఏ అవగాహన రూపొందింది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు.

తొలి దశ:

1907లో లియో బేక్‌లాండ్ బేక్‌లైట్‌ను రూపొందించాడు. 1913లో అమెరికాలోని సిన్సినాటి నగరంలో హెర్బర్ట్ ఫేబర్, డేనియల్ ఓకానర్ ఫార్మికా సంస్థను స్థాపించారు. విద్యుత్ నిరోధకంగా అభ్రకానికి బదులు వాడదగినదన్న భావమే ఆ పేరుకు మూలం. వస్త్రపు పొరలతోను, కాగితపు పొరలతోను తయారైన ఇటువంటి పలకలను వడ్రంగి, లోహపు పనిముట్లతోనే కోయగలిగేవారు. 1930వ దశకంలో గాజు తంతువు పారిశ్రామిక ఉత్పత్తి స్థాయికి చేరింది. గాజు తంతువు ఉక్కు పనిముట్ల అంచులను త్వరగా అరగదీస్తుంది. సమస్య మొదట ఈ అరుగుదల రూపంలోనే కనిపించింది.

అదే సిన్సినాటిలో పనిచేసిన యూజీన్ మర్చంట్ 1945లో లోహాల కోతకు ప్రసిద్ధమైన విశ్లేషణను ప్రకటించాడు. పనిముట్టు ముందు లోహం ఒక సన్నని తలం వెంట జారి, చుట్టలుగా పైకి లేస్తుందన్నది దాని సారాంశం. ఈ విశ్లేషణకు లోహపు సాగే గుణమే ఆధారం. కార్బన్ తంతువుకు ఆ గుణం లేదు.

విరుగుడే కోత:

1971లో ఎవర్‌స్టైన్, రోజర్స్ తంతుయుత పదార్థాల కోతకు గణిత సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. 1983లో డెన్మార్క్‌కు చెందిన కోప్లెవ్, లిస్ట్రుప్, వోర్మ్ ప్రయోగాలు కీలకమైన మలుపు. కార్బన్ కాంపోజిట్‌ను కోసినప్పుడు వచ్చేది చుట్ట కాదు, పొడి. పొడిని చూసి కోత జరిగిన తీరును ఊహించడం కష్టం. అందువల్ల వారు కోయబోయే తలంపై రబ్బరు జిగురును పలుచగా పూసి, తునకలు చెదిరిపోకుండా పట్టి ఉంచారు. కోత అంటే వరుసగా జరిగే విరుగుళ్లేనని, ప్రతి విరుగుడూ ఒక తునకను పుట్టిస్తుందని దీనివల్ల తేలింది.

ఈ అవగాహన పనిముట్టు ఎంపికనూ వివరిస్తుంది. కార్బన్ తంతువు వ్యాసం సాధారణంగా 5 నుంచి 7 మైక్రోమీటర్లు. అంచు మొద్దుబారితే తంతువు తెగదు, వంగి నలుగుతుంది. అరామిడ్ అయితే పీచులా లేచి నిలుస్తుంది. 1954లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ప్రయోగశాలలో కృత్రిమ వజ్రం తయారుకావడం ఇక్కడ ప్రాధాన్యం సంతరించుకుంది. వజ్రపు రేణువులు పొదిగిన సానచక్రాలు, వజ్రపు అంచుగల డ్రిల్‌లు ఈ రంగంలో స్థిరపడ్డాయి. అయినా సానపట్టేటప్పుడు పుట్టే వేడికి రెజిన్ మెత్తబడి చక్రపు రంధ్రాలను పూడ్చే ప్రమాదం మిగిలే ఉంది.

చివరి పొర సమస్య:

1990లో హోచెంగ్, ధరన్ డ్రిల్లింగ్‌లో పొరలు విడిపోవడాన్ని విరుగుడు శాస్త్రంతో విశ్లేషించారు. డ్రిల్ కింద మిగిలిన మందం తగ్గేకొద్దీ పదార్థం భరించగల ఒత్తిడి అంతకంటే వేగంగా తగ్గుతుంది. వారి సూత్రం ప్రకారం మందం నాలుగో వంతుకు తగ్గితే, భరించగల ఒత్తిడి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రంధ్రం పూర్తికావచ్చే క్షణాన డ్రిల్ వేగంగా ముందుకు సాగరాదన్న నియమానికి శాస్త్రీయమైన ఆధారం ఇదే. 2001 జనవరి 4న తొలిసారి ఎగిరిన తేజస్, 2009 డిసెంబరు 15న ఎగిరిన బోయింగ్ 787 వంటి విమానాల్లో కాంపోజిట్ వాటా పెరిగేకొద్దీ ఈ నియమం విలువ పెరిగింది. 787 నిర్మాణపు బరువులో దాదాపు సగం కాంపోజిట్‌లదే.

ముగింపు:

కోతను విరుగుడుగా గుర్తించినప్పుడు, దాని నుంచి వెలువడే ధూళిని కూడా అనుకోని లోపంగా కాక కోత సహజ ఫలితంగా చూడవలసి వస్తుంది. గాజు ధూళి చర్మాన్ని, శ్వాసనాళాన్ని బాధిస్తుంది. కార్బన్ ధూళి విద్యుత్తును ప్రసరింపజేసి యంత్రాల విద్యుత్ పరికరాలను దెబ్బతీయగలదు. కనుక ధూళిని పుట్టినచోటే పీల్చివేసే ఏర్పాటు పనిముట్టులో అంతర్భాగం కావాలి. ఈ రంగపు చరిత్ర పనిముట్ల పదును పెరిగిన చరిత్ర మాత్రమే కాదు. రంధ్రపు నాణ్యతా, దాన్ని వేసే కార్మికుడి ఊపిరీ ఒకే భౌతిక ప్రక్రియపై ఆధారపడి ఉన్నాయని అది తెలియజేస్తుంది.