గ్రావెలా, తూములా? – సమితి నాటి ఒక రోడ్డు కథ

ఈ ప్రత్యేక సంచికకు స్థానిక సంస్థల చరిత్ర మీద ఏదైనా రాయమని కార్యవర్గం వారు అడిగారు. చట్టాల చరిత్ర రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను మినిట్స్ పుస్తకాలు రాసినవాణ్ణి. ఆ మీటింగుల్లో అన్నిటికంటె ఎక్కువసార్లు విన్న మాట రోడ్డు. అందుకని దాని గురించే రాస్తున్నాను.

పల్లె రోడ్డుకు డబ్బు ఎవరివ్వాలన్న తగువు కొత్తది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1866లోనే జిల్లా రోడ్డు సెస్సు చట్టం వచ్చింది. శిస్తుతో పాటు రోడ్డుకూ రైతే కట్టేవాడు. తర్వాత 1884, 1920 లోకల్ బోర్డుల చట్టాల కింద ఆ రోడ్ల బాధ్యత బోర్డులది. దారిలో టోల్‌గేట్లుండేవి, ఎడ్లబండి కూడా సుంకం కట్టి కదలవలసిందే. 1931లో మోటారు వాహనాల పన్ను చట్టం ఆ గేట్లను ఎత్తివేసి, బోర్డులు పోగొట్టుకున్న రాబడికి ప్రభుత్వం పరిహారం ఇచ్చే ఏర్పాటు చేసింది. బండివాడికి అది పెద్ద ఊరటే. కాని తన రోడ్డుకు తానే వసూలు చేసుకునే సంస్థ పైనుంచి వచ్చే గ్రాంటు కోసం ఎదురుచూడడం అప్పటి నుంచే మొదలైందని నా ఉద్దేశం.

1943 నాగపూరు ప్రణాళికలో బాగా సేద్యమయ్యే ప్రాంతాల్లో ఏ ఊరూ పెద్ద రోడ్డుకు 5 మైళ్ళకు మించి దూరంలో ఉండరాదన్నారు. పల్లె రోడ్లకు అందులో వేరే తరగతి కల్పించారు. 1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో నెహ్రూ గారు మన రాష్ట్రంలో పంచాయతీరాజ్‌ను ప్రారంభించాక, ఆ రోడ్ల మాట సమితి మీటింగులకు వచ్చింది. సర్పంచులందరూ సమితిలో సభ్యులే. అంటే ప్రతి సభ్యుడి వెనకా ఒక ఊరు, ఆ ఊరి వెనకా ఒక బురదదారి.

నేను 1979లో ఒక మెట్ట ప్రాంతపు సమితి ఆఫీసులో గుమాస్తాగా చేరాను. పనికి ఆహారం పథకం నడుస్తున్న రోజులు. కూలికి గింజలున్నాయి గాని కంకరకూ సిమెంటుకూ డబ్బు లేదు. తారు రోడ్డు నుంచి నాలుగు ఊళ్ళ మీదుగా పోయే 6 మైళ్ళ దారి ఒకటి మీటింగుకు వచ్చింది. రెండో ఊరు దాటాక వాగు.

ఓవర్సీర్ గారు రెండు ఊళ్ళ వరకే గ్రావెల్ వేసి, మిగిలిన డబ్బుతో వాగు మీద తూములు కట్టి, పక్క కాలవలు తీయాలని ఎస్టిమేటు తెచ్చారు. చివరి ఊరి సర్పంచి గారు లేచి, “రెండూళ్ళకి పెళ్ళి భోజనం పెట్టి, రెండూళ్ళని పస్తు పడుకోబెడతారా?” అన్నారు. సభ అంతా ఆయన వైపే. “నీళ్ళు పోవడానికి దారి మనం ఇవ్వకపోతే, అవి రోడ్డునే దారి చేసుకుంటాయండీ,” అన్నారు ఓవర్సీర్ గారు. ఆయన మాట ఎవరికీ పట్టలేదు. గ్రావెల్ నాలుగు ఊళ్ళకూ, తూములు వచ్చే సంవత్సరం అని తీర్మానం. రాసింది నేనే. సంతకాలు కూడా త్వరగానే అయ్యాయి.

గ్రావెల్ అంటే ఎర్రమట్టి దులిపి పోవడం కాదని మన ఇంజనీరింగు మిత్రులకు చెప్పనక్కరలేదు. రాయి పాలు, బంకమట్టి పాలు కుదరాలి. తడిపి రోలరు తిప్పాలి. నడిమి ఎత్తుగా ఉండి నీరు రెండు పక్కలా జారాలి. నల్లరేగడి మీద పలచగా పోస్తే ఒక్క వానకే కిందికి దిగిపోతుంది. ఇనప పట్టీల బండి చక్రాలు గాడులు తీస్తాయి, ఆ గాడుల్లో నీరు నిలుస్తుంది. ఎండాకాలంలో లారీ టైర్లు సన్నమట్టిని దుమ్ముగా లేపేస్తే గులకరాళ్ళు పైకి తేలతాయి. మరి మాకున్న గ్రావెల్‌ను రెండింతల దూరానికి పరిచాం. మందం ఎంత తగ్గిందో లెక్క మీరే వేసుకోండి.

ఆ ఎండాకాలం బస్సు వచ్చింది. నాలుగో ఊళ్ళో దానికి కొబ్బరికాయ కొట్టారు, పసుపు కుంకుమలు పెట్టారు. వానలు మొదలయ్యాక వాగు పొంగి రోడ్డు కోసుకుపోయింది, బస్సు ఆగిపోయింది. వచ్చే సంవత్సరం తూములకు అన్న డబ్బు వేరే రోడ్ల గ్రావెల్‌కు పోయింది.

సర్పంచి గారిని తప్పుపట్టలేను. ఈ ఏడాది చేతికి రానిది మళ్ళీ వస్తుందన్న నమ్మకం ఆయనకెందుకుంటుంది? పథకాల తీరు కూడా అలాంటిదే. ఉపాధి పథకాలు కూలికి పెద్దపీట వేశాయి. 2005 ఉపాధి హామీ చట్టం కూడా 60 శాతానికి తగ్గకుండా కూలికే పోవాలన్నది. కరువు రోజుల్లో అది న్యాయమే గాని, ఆ లెక్కలో మట్టిపని పట్టినంత సులువుగా తూములు పట్టవు. ఇక మరమ్మతులకు ఎప్పుడూ చిల్లరే. 1986 చట్టంతో సమితులు పోయి మండలాలు వచ్చాక ఆ 6 మైళ్ళ దారి రెండు మండలాల మధ్య పడింది. వాగు ఎవరిదన్నది మరో తగువు.

2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో కల్వర్టులు కూడా రోడ్డు పనిలో భాగమే అన్నారు. వేసిన కాంట్రాక్టరే 5 సంవత్సరాలు బాగోగులు చూడాలన్న షరతు కూడా పెట్టారు. ఓవర్సీర్ గారి ఎస్టిమేటులో ఉన్నదీ ఇంచుమించు ఇదే. ఆ రోడ్డుకు తారు పడేనాటికి ఆయన లేరు. నేను మరో మండలంలో ఉన్నాను. ఒక పెళ్ళికి ఆ దారిన వెళ్ళినప్పుడు వాగు దగ్గర జీపు ఆపించి, దిగి తూములు లెక్కపెట్టాను. మూడున్నాయి. ఆయన అడిగింది రెండే.