చలిలో నిద్రపోయే మందు

పిడుదును మనం పెద్దగా లెక్కచేయం. ఆవు చెవి వెనక కనబడితే లాగి పారేస్తాం. నాటు ఆవు కూడా దాన్ని అంతగా ఖాతరు చేయదు. కాని 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైన ఆ రోజుల్లోనే ఊళ్లలో జెర్సీ, హోల్‌స్టీన్ సంకర ఆవులు పెరిగాయి. పిడుదు అంటించే థైలీరియా జ్వరం వాటి పాలిట యమగండమైంది. అప్పు చేసి కొన్న ఆవు, అప్పు తీరకముందే పోయేది!

దానికి టీకా మన హైదరాబాదులోనే తయారైంది. జాతీయ పాడి అభివృద్ధి మండలి 1982లో నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తెచ్చిన ఆ మందు పేరు రక్షావాక్-టి. బలం తగ్గించిన రోగజీవిని మోసే సజీవ కణాలే ఆ మందు. దానికి మామూలు ఫ్రిజ్ చాలదు. సున్నాకు 196 డిగ్రీలు కింద, ద్రవ నైట్రోజన్‌లో నిద్రపోవాలి. చిత్రం చూడండి: సంకర దూడను పుట్టించిన వీర్యం ఏ చలిలో వచ్చిందో, దాన్ని కాపాడే మందూ ఆ చలిలోనే రావాలి.

నైట్రోజన్ ఆవిరైపోతుంటుంది. క్యాన్‌లో మట్టం చూసుకోకపోతే మందు అక్కడే చచ్చిపోతుంది. కరిగించాక వెంటనే వేసెయ్యాలి. మళ్లీ గడ్డకట్టించి దాచుకుందామంటే కుదరదు. చచ్చిన మందుకీ, బతికిన మందుకీ సీసా ఒకటే. సూది పడిందిగా అని రైతు నిశ్చింతగా పడుకుంటాడు. పిడుదు మాత్రం పడుకోదు!